ఎర్రదీపం వెలిగి తెరుచుకున్న తలుపు

కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపులు బిగించడం అతని పని. గోడకు రీడరు, తలుపు పైన అయస్కాంత తాళం, ఆ రెంటినీ మెట్లకింద గదిలోని ప్యానెల్‌కు కలిపే వైర్లు. పదహారేళ్ళుగా అదే పని. తోటివాళ్ళు అతన్ని నంబర్లన్న అని పిలిచేవారు. ప్రతి వైరుకూ తెల్లటి చిన్న గొట్టం తొడిగి, దాని మీద నంబరు వేయనిదే అతను స్క్రూడ్రైవరు ముట్టుకోడు మరి. "అన్న ఇంట్లో గరిటెలకు కూడా నంబర్లుంటాయేమో" అని వాళ్ళు నవ్వితే అతనూ నవ్వి ఊరుకునేవాడు. పైవాళ్ళు మాత్రం కొత్తగా చేరినవాళ్ళకు అతను బిగించిన ప్యానెల్ తెరిచి చూపించి, పనంటే ఇలా ఉండాలని మెచ్చుకునేవారు.

అసలు సంగతి ఒక్క భార్యకే తెలుసు. అతని కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. కాఫీపొడి రంగూ నారింజా కూడా అంతే. పెళ్ళైన వారానికే ఆమె కనిపెట్టేసింది. టమాటాలు తెమ్మంటే సంచీ నిండా పచ్చికాయలు ఏరుకొచ్చి, "నొక్కి చూశాను, గట్టిగా బాగున్నాయి" అన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా రెండు తువ్వాళ్ళు తెచ్చి ముందు పెట్టి, ఏది ఏ రంగో చెప్పమంది. అతను చాలాసేపు చూశాడు.

"నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. ఎవరికీ చెప్పకు" అన్నాడు చివరికి.

ఆమె చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, పనిలో సగం తన నెత్తిన వేసుకుంది. కొత్త రీడర్లు వచ్చినప్పుడల్లా అతను పెట్టె ఇంటికి తెచ్చేవాడు. వంటింటి కిటికీ దగ్గర వెలుతురులో ఇద్దరూ కూర్చునేవారు. ఆమె ఒక్కో వైరు రంగు చూసి, దానికి సరిపోయే నంబరు గొట్టం తొడిగేది. "మీ ఆఫీసువాళ్ళు నాకూ ఒక టోపీ ఇస్తే బాగుండేదండీ" అనేది మధ్యమధ్యలో. గోడలో నడిచే కేబుల్‌కు మీటరు ఉంది, ఏ కొస ఏదో అదే కూసి చెబుతుంది. రీడరు మీద వెలిగే దీపం సంగతి అతని చెవులు చూసుకునేవి. ఒక్క కూత వినిపిస్తే పచ్చదీపం, తలుపు తెరుచుకున్నట్టు. మూడు కూతలైతే ఎర్రదీపం, తెరుచుకోనట్టు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ ఏడాది ఒక ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు కొత్తగా కట్టారు. ఆరు తలుపులు. రెండు రోజుల్లో వార్డు తెరవాలన్నారు. రీడర్లు చూస్తే కొత్త రకం, వైర్ల రంగుల వరసే మారిపోయింది. సరిగ్గా అప్పుడే భార్య, కాలు విరిగిన అక్కకు సాయంగా వేరే ఊరు వెళ్ళింది. అతను వైర్లను ఫోటో తీసి పంపాడు. ఆమె ఫోన్ చేసింది.

"ట్యూబులైటు కింద అన్నీ ఒకేలా ఉన్నాయండీ. ఎల్లుండి నేను వచ్చేస్తాగా, ఆగండి."

"ఎల్లుండికి వార్డు తెరిచేస్తారు."

"అయితే పక్కన ఎవరినైనా అడగండి. రంగులు అడిగితే తప్పేముంది?"

అతను అడగలేదు. పదహారేళ్ళుగా అడగని మాట ఇప్పుడు నోటికి ఎలా వస్తుంది? చాలా వైర్లు కలిపి చూస్తేనే తెలిసిపోయాయి, తప్పు కలిపితే రీడరు కార్డును పట్టించుకోదు. ప్రతి రీడరులో దీపానివి రెండు వైర్లు మిగిలాయి. ఎరుపును వెలిగించేది కాఫీపొడి రంగు వైరు, పచ్చను వెలిగించేది నారింజ వైరు. వాటిని అటూ ఇటూ తిప్పి, కాస్త ముదురుగా అనిపించినదాన్ని కాఫీపొడి రంగనుకుని కలిపేశాడు.

కూతతోనైనా సరిచూసుకునేవాడేమో. కానీ వార్డు పెద్ద నర్సు వచ్చి, "బాబూ, ఆ కూత తీసెయ్యండి. ఇక్కడ ఒక్కో పిల్ల అరగంట కునుకు తీస్తే మాకు అదే పదివేలు" అంది. తీసేశాడు. చెల్లే కార్డు చూపి తలుపు లాగితే తెరుచుకుంది. చెల్లని కార్డు చూపి లాగితే కదల్లేదు. సరిపోయిందనుకుని సామాను సర్దుకున్నాడు.

వార్డు తెరిచిన మర్నాడు పొద్దున, మిగిలిన కార్డులు అప్పగించడానికి వెళ్ళాడు. పెద్ద నర్సు అతన్ని చూస్తూనే నడవాలోకి తీసుకుపోయింది.

"ఈ తలుపు, ఆ చివరి తలుపు, రెండూ తలకిందులుగా చెబుతున్నాయి. ఎర్రగా వెలిగి తెరుచుకుంటున్నాయి, పచ్చగా వెలిగి మొరాయిస్తున్నాయి. నవ్వుకుని ఊరుకునేవాళ్ళమే. ఇందాక ఒక పాపకు ఊపిరి ఆడకపోతే మా నర్సు ఎత్తుకుని ఆక్సిజన్ గదికి పరుగెత్తింది. కార్డు చూపింది, ఎరుపు వెలిగింది. తలుపు రాదనుకుని లాగకుండానే నడవా చుట్టూ తిరిగి వెళ్ళింది."

అతను రీడరు వైపు తిరిగాడు. "పాప..." అన్నాడు.

"బాగానే ఉంది. పాలు తాగుతోంది."

అతను అక్కడినుంచే, తమ పనులు చూసే ఇంజనీరమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"రీడర్లే అలా వచ్చుంటాయి అన్నా. కొత్త సరుకు కదా, తయారుచేసినవాళ్ళ మీద రాసేద్దాం. మీ పనిలో తప్పెందుకు ఉంటుంది?" అంది ఆమె.

తప్పించుకోవడానికి దారి ఆమే చూపించింది. ఊఁ అంటే చాలు. అతను పక్కనే ఉన్న పెద్ద నర్సు వైపు చూశాడు.

"తప్పు నాదే అమ్మా. నాకు రంగులు కనపడవు. మొదట్నుంచీ కనపడవు" అన్నాడు.

"పదహారేళ్ళు మాతో తిరిగి ఈ ముక్క ఇప్పుడా చెప్పడం? ముందే చెప్పుంటే పక్కన ఒక మనిషిని పెట్టేదాన్ని కదా" అంది ఆమె. గొంతులో కోపం ఉంది, కానీ అతను భయపడిన రకం కోపం కాదు. "నేను బయల్దేరుతున్నా. అంతవరకు ఏదీ ముట్టుకోకండి."

ఆమె వచ్చేదాకా కూడా పెద్ద నర్సు ఆగలేదు. స్టూలు లాక్కుని రీడరు కింద కూర్చుంది. "విప్పండి, నేను చెబుతాను. ఈ వార్డులో రంగులు చూడటమే నా పని. పిల్లల పెదాలు చూస్తూ ఇరవై ఏళ్ళు గడిపాను." అతను విప్పాడు. ఆమె ఒక్కో వైరునూ వేళ్ళతో పట్టుకుని చెప్పింది. అతను నంబరు రాశాడు. ఇంజనీరమ్మ వచ్చేసరికి రెండు రీడర్లూ విప్పి సిద్ధంగా ఉన్నాయి. ఆమె దగ్గరుండి కలిపించి, ఆరు తలుపులూ దీపం చూసి మరీ సరిచూసింది. నాలుగు మొదట్నుంచీ సరిగ్గానే ఉన్నాయి, గుడ్డిగా కలిపినా.

తరవాత అతన్ని కింద అంతస్తులో కంటి డాక్టరు దగ్గరికి పంపింది. చుక్కలతో నింపిన పుస్తకం తెరిచి అంకె చెప్పమంటే, అతనికి చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇది జబ్బు కాదని, పుట్టుకతో వచ్చిందని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం చూసి పనిలోంచి తీసేస్తారేమోనని వారం రోజులు అన్నం సయించలేదు. తీసెయ్యలేదు. రంగుల సంగతి దాచినందుకు ఒక హెచ్చరిక ఫైల్లో పెట్టారు. ఇకనుంచి ఏ తలుపైనా ఇద్దరు చూడనిదే అప్పగించకూడదని అందరికీ నియమం పెట్టారు. తోటివాళ్ళు నాలుగు రోజులు అతని ముఖం వంక చూడలేకపోయారు. అయిదో రోజున ఒకడు, "అన్నా, ఈ చొక్కా ఏ రంగో చెప్పు" అన్నాడు. "నీకు నప్పని రంగు" అన్నాడు ఇతను. ఆ తరవాత మామూలైపోయింది.

అక్క కాలు కుదుటపడక భార్య అనుకున్నదానికన్నా ఆలస్యంగా వచ్చి, అంతా వింది. మర్నాడు బజారుకు వెళ్ళేటప్పుడు, "టమాటాలు నేనే తెస్తాలెండి" అని మాత్రం అంది.

కొన్నాళ్ళకు ఒక చిన్న ఆఫీసులో పని తగిలింది. ఒకటే తలుపు. రెండో మనిషి రావడం ఆలస్యమైంది. అతను రీడరు పట్టుకుని, అక్కడ లెక్కలు చూసుకునే పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు.

"సార్, నాకు రంగులు తెలియవు. ఈ రెండు వైర్లలో నారింజ ఏదో చెబుతారా?"

అడగడం ఇంత తేలికా అనిపించింది. అదే అతనికి వింతగా ఉంది. పెద్దాయన వైర్లను ముక్కు దాకా తెచ్చుకుని, దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నాకసలు వైర్లే కనపడటం లేదు నాయనా. ఉండు, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో" అంటూ సొరుగులు వెతకడం మొదలుపెట్టాడు. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, తీరిగ్గా వేచి ఉన్నాడు.