మంచులో పెట్టిన గిన్నె

అమెరికాలోని ఉత్తర మిన్నెసోటా రోడ్ల మీది మంచును లారీతో తోస్తూ బతుకంతా గడిపాడు ఎల్డన్ ఫోస్. పక్షవాతం అతని కుడిచేతిని పడగొట్టాక బీరు కాచడం ఇదే మొదటిసారి. కాచక తప్పలేదు. ఫ్రిజ్‌లో సీసా అడుగున, బీరును పులియబెట్టే ఈస్టు నీరసించిపోతోంది. బీరు కాచిన ప్రతిసారీ కొంత తీసి తర్వాతిసారికి దాస్తూ, పెళ్ళికి ముందునుంచీ అతడు బతికించుకొస్తున్న ప్రాణమది. ఒకప్పుడు అడిగినవాళ్ళందరికీ పంచాడు. వాళ్ళంతా దుకాణంలో దొరికే ఈస్టు పొట్లాలకు మారిపోయారు. మిగిలింది ఈ ఒక్క సీసా.

మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఉడికిన నీళ్ళు త్వరగా చల్లారాలి. ఆలస్యమైతే చెడిపోతాయి. వేడిగా ఉండగా పోస్తే ఈస్టు చచ్చిపోతుంది. అందుకే చలికాలంలో గిన్నెను మంచులో పాతి, గరిటెతో ఆపకుండా తిప్పేవాడు. ఈసారి గిన్నెను పిల్లలు మంచులో జారే బండి మీద ఎడమచేత్తోనే పెరట్లోకి లాక్కొచ్చాడు. తిప్పడం మాత్రం ఆ చేతికి అలవాటు లేదు.

"ఆ గరిటె ఇలా తే, నేను తిప్పుతా," అంది భార్య మార్లిస్.

"అక్కర్లేదు. మంచు చూసుకుంటుందిలే."

"గుండీ పెట్టనివ్వవు, మాంసం ముక్క కోసిపెట్టనివ్వవు. ఇదీ నీ చెయ్యే చెయ్యాలా?"

"మంచు గురించి నాకు చెప్పకు. బతుకంతా తోశాను దాన్ని."

"తోశావు. దానితో వంట చెయ్యలేదుగా!"

ఆమె తలుపు దగ్గరే నిలబడింది. గిన్నె చుట్టూ మంచు కరిగి, మెల్లగా వెనక్కి జరిగింది. వేడికీ చలికీ మధ్య అడ్డుగా ఖాళీ గాలి వలయం మిగిలింది. ఎల్డన్‌కు అది కనిపించలేదు. అంచున ముంచిన థర్మామీటర్‌లో ఎర్రగీత దిగడమే కనిపించింది.

"మధ్యలో చూశావా?"

"గిన్నె ఒకటే కదా, వేడి రెండు రకాలుంటుందా?"

"పోనీ, సీసాలో సగం ఉంచుకో."

"సగం నమ్మకంతో బీరు కాచినవాణ్ణి చూశావా ఎక్కడైనా?"

సీసా మొత్తం వంచేశాడు. కలవాలని ఎడమచేత్తో గరిటెను ఒక్క చుట్టు తిప్పాడు. గిన్నె నడుమనుంచి తెల్లని ఆవిరి లేచి ముఖానికి కొట్టింది. అంత వేడి ఇంతసేపూ అక్కడే దాక్కుని ఉంది.

తర్వాత గరిటెను ఆమె వైపు చాచాడు. "మార్లిస్, తిప్పు. త్వరగా తిప్పు."

ఆమె వచ్చి, రెండు చేతులతో తిప్పింది. ఆవిరి సన్నబడేదాకా తిప్పింది.

బీరును పోసి పులియబెట్టిన డబ్బా మూత మీది గొట్టంలో, ఈస్టు బతికుంటే లేవాల్సిన నీటిబుడగ ఒక్కటీ లేవలేదు. అయినా ఎల్డన్ దాన్ని పారబోయనివ్వలేదు. రోజూ పొద్దున్నే వంగి డబ్బాకు చెవి ఆనించేవాడు. వంటింట్లో మార్లిస్ కాఫీ కలపడం ఆపి, అతడు ఏమైనా అంటాడేమోనని నిలబడేది.