పదహారు పేజీల భజన పుస్తకం

జనగామలో జగపతి ప్రెస్సుకు వెళ్లినవాళ్లకు మొదట వినిపించేది మిషన్ చప్పుడు, తర్వాత కనిపించేవి మడతలు వేసే అండాలు చేతులు. పదిహేడేళ్లుగా ఆమె అక్కడ కాగితాలు మడుస్తోంది. పెండ్లి పత్రికలు, రసీదు బుక్కులు, బడి పిల్లల డైరీలు, అన్నీ ఆ చేతుల మీదుగా పోయినవే. చదివింది ఊరిబడిలో ఏడో తరగతి. పొద్దున ప్రెస్సులో అడుగుపెట్టగానే కాగితాల కట్టకు దండం పెట్టుకుని పని మొదలుపెట్టేది. సరస్వతి గుళ్లోనే కాదు, ఇక్కడా ఉంటుందని ఆమె నమ్మకం.

మాఘమాసంలో ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చునే మిథున్ హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. కిటికీ పక్కన కుర్చీ ఖాళీ అయింది.

"ఇగ కంపోజింగ్ హన్మకొండకు పంపుత," అన్నాడు యజమాని జగపతి. "వాళ్లే ప్రింటు గూడ కొట్టి ఇస్తరట. మనకేంది ఈ మిషన్ల పరేషాన్?"

అండాలు చేతిలో మడత సగంలో ఆగిపోయింది. అచ్చు అక్కడే పడితే ఇక్కడ మడిచేదేముంది? తన రోజులు కూడా ఆ కుర్చీతోనే ముడిపడి ఉన్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

"సారూ, నేను నేర్చుకుంట."

"నువ్వా? ఎన్నడన్న మౌస్ పట్టినవా?"

"మడతలు గూడ అమ్మ కడుపుల నేర్చుకుని రాలే గద సారూ."

జగపతి నవ్వాడు. నవ్వినా మనిషి చెడ్డవాడు కాదు. పాత నోటు బుక్కు ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. పాలకుర్తి దగ్గర ఊళ్లో ఆడవాళ్ల భజన మండలి రాసుకున్న పాటలవి.

"పదహారు పేజీల బుక్కు. శివరాత్రికి కావాలె. వచ్చే వారం శుక్రారం మధ్యాహ్నం లోపట చేసిస్తే కుర్చీ నీది. లేకుంటె హన్మకొండకు ఫోన్ కొడ్త, నన్ను అనొద్దు మల్ల."

చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు.

ఎదురుగా జిరాక్స్ దుకాణం నడిపే విమలకు పెళ్లికి ముందు మానుకోట ప్రెస్సులో, కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కట్టే పేజ్‌మేకర్ మీద పనిచేసిన అలవాటుంది. అడిగిందే తడవు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాతో వచ్చి పక్కన కూర్చుంది. తన డబ్బాలో అన్నం సగం అండాలుకు పెట్టింది కూడా.

"రొట్టె పిండి పిసికినట్టు పిసుకుతున్నవేందక్కా? మెల్లగ పట్టు. అది యాడికి పోదు."

"నేను ఈడికి పొమ్మంటె అది ఆడికి పోతాంది విమలా!"

"మా ఆయన గూడ గంతే. అలవాటైతది."

మీటల మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, తెర మీద పడేవి తెలుగువి. ఏది కొడితే ఏది వస్తుందో విమల అట్టముక్క మీద రాసిచ్చింది. మొదటిరోజు ఒక్క పల్లవి పడటానికే పూట గడిచింది. రెండో రోజు మూడు పాటలయ్యాయి. మూడో రోజు కరెంటు పోయి ఆ మూడూ పోయాయి. అండాలు కొంగుతో మొహం తుడుచుకుంది. విమల తిట్టలేదు, నవ్వలేదు. "చరణానికొకసారి దండం పెట్టినట్టు కంట్రోల్ ఎస్ కొట్టాలక్కా, అప్పుడే అది దాచుకుంటది," అంది. ఆ రోజు నుంచి ప్రతి చరణానికీ "శివ శివ" అనుకుంటూ అండాలు ఆ రెండు మీటలూ నొక్కేది.

నెమ్మది మాత్రం లేకుండా పోయింది. ఆటోలో కూర్చున్నా వేళ్లు సంచి మీద టైపు కొట్టేవి. కూర వండుతూ అట్టముక్క చూసేది, కూరలో రెండుసార్లు ఉప్పు వేసేది. ఒకనాడు ఆటోలో పక్కనున్న పెరుగమ్మే ఆమె ఆ వేళ్లు చూసి, "గట్ల వణుకుతున్నయేంది బిడ్డా, పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అని రుమాలు విప్పి గుప్పెడు ఉడికించిన శనగల గుడాలు చేతిలో పోసింది. వణుకు కాదమ్మా, టైపింగు అని చెప్పబోయి, చెప్పలేక తినేసింది అండాలు. నిజంగా ఆమె పొద్దున ఏమీ తినలేదు.

సోమవారానికి పాటలన్నీ తెర మీదికి వచ్చాయి. పేజీ అడుగున చిన్న ఎర్ర త్రికోణం కనిపిస్తే ఇంకా మాటలు మిగిలి ఉన్నట్టు. దాన్ని నొక్కి, తర్వాతి పేజీలో నొక్కితే మిగతాది అక్కడ పారుతుంది. అలా నొక్కుతూ పోతే పదహారో పేజీ అడుగునా త్రికోణం ఎర్రగానే ఉంది. పద్దెనిమిదో పేజీలో గానీ మాయం కాలేదు. మొదటి పేజీలో శివుని బొమ్మ, రెండో పేజీలో పుస్తకానికి డబ్బులిస్తున్న సంజయ్ రెడ్డి ఫోటో. మిగతా పదహారూ పాటలకే సరిపోయాయి.

"పద్దెనిమిది బుక్కెట్లయితది?" అన్నాడు జగపతి. "పెద్ద షీటును మూడు మడతలేస్తే పదహారేనాయె. నీకు తెల్వదా? అక్షరం సైజు పద్దెనిమిది నుంచి పద్నాలుగుకు దించు, ఖతం."

దించింది. పద్నాలుగు పేజీల్లో పాటలు బుద్ధిగా సర్దుకున్నాయి.

బుధవారం మండలి పెద్ద బుచ్చమ్మ ప్రూఫ్ చూడటానికి వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, మొదటి పాట కమ్మగా అందుకుంది. ప్రెస్సులో మిషన్ కూడా ఆపారు. పాట అయ్యాక, "మస్తుగున్నది బిడ్డా. యాడ పెట్టాలె సంతకం?" అంది.

అండాలుకు ఏదో తేడా కొట్టింది. ఆ పాట మూడో చరణం వెనుక పేజీలో ఉంది. బుచ్చమ్మ కాగితం తిప్పనేలేదు.

"అవ్వా, నిజం చెప్పు. అక్షరాలు కనబడ్తున్నయా?"

"కనబడకుంటేంది? నాకు నోటికొచ్చు. నువ్వు గింత కష్టపడి చేసినవట, మల్ల చెరుపుమంటనా?"

"నీకొచ్చు. తక్కినోళ్లకు?"

బుచ్చమ్మ కాగితం దించింది. "మా మండలిల సారక్కకు రావు. ఈ ఏడు కొత్తగ కలిసినోళ్లు పది మందున్నరు, అందరూ అరవై దాటినోళ్లే. వాళ్ల కోసమే ఈ బుక్కు." మళ్లీ వెంటనే, "అయినా ఏం గాదు తీ. నా ఎనుక పాడుతరు," అంటూ పెన్ను అందుకుంది.

సంతకం పడితే పని అయిపోయినట్టే, కుర్చీ వచ్చినట్టే. అండాలు ఆ పెన్ను మెల్లగా తీసుకుంది. "ఇయ్యాల వద్దవ్వా. పైలంగ పో. శుక్రారం రా, బుక్కే చేతుల పెడ్త."

బస్సు కోసం బుచ్చమ్మ వెళ్లిపోయాక జగపతి కోప్పడ్డాడు. "వచ్చిన సంతకం వాపస్ ఇస్తవా? తెలివుందా?" అండాలు ప్రూఫ్ కాగితాలు సర్దింది. మనసులో మాత్రం ఒకటే గుబులు. తన కష్టం చెడిపోవద్దని ఆ ముసలమ్మ కనబడని అక్షరాలను కనబడ్డాయంది. దాన్ని అడ్డం పెట్టుకుని కుర్చీ ఎక్కితే శివుడు మెచ్చుతాడా?

గురువారం అక్షరాలను మళ్లీ పద్దెనిమిదికి పెంచింది. పేజీలు మళ్లీ పద్దెనిమిది. తెర ముందు కూర్చుంది, లేచింది, కూర్చుంది. వరుసల సందు తగ్గించింది, పక్క జాగా తగ్గించింది. పాటలు ఇరుకు గదిలో చుట్టాల్లా ఒకరినొకరు తోసుకున్నాయి. తిరిగి మొదటిలాగే పెట్టింది. ఇక చేతులు నిలవలేదు. పోయి తన మడతల బల్ల దగ్గర నిలబడి, చెడిపోయిన షీటు ఒకటి తీసి మూడు మడతలు వేసింది. పదహారు పేజీల మీదా నంబర్లు వేసింది. అలవాటు ప్రకారం పైన ఒక అట్ట కవరు తొడిగి, పుస్తకంలా తిప్పి చూసింది.

కవరు లోపలివైపు తెల్లగా ఉంది. ముందు ఒకటి, వెనుక ఒకటి. వేల కవర్లు కుట్టిన చేతికి అవి ఏనాడూ పేజీల్లా అనిపించలేదు.

"సారూ! దేవుడు ముందు కవరు లోపల, సంజయ్ రెడ్డి సారు ఎనుక కవరు లోపల. పాటలు పదహారు పేజీల్లోనే!"

"కవరు రెండో దిక్కు గూడ కొట్టాలె. దానికి ఇంకో అచ్చు ప్లేటు." జగపతి నుదురు రుద్దుకున్నాడు. "ఆయన ఎనుకకు ఒప్పుకోవద్దా?"

"బుక్కు మూసేటప్పుడు ఆఖరుకు కండ్ల పడేది ఆయనే అని చెప్పున్రి."

జగపతి ఫోన్ చేశాడు. అవతలి గొంతు బల్ల దాకా వినిపించింది. "కవరు మీదనా? గా మెరిసే మందం కాగితమా? నడువనియ్, ఫోటో మంచిగ రావాలె!"

శుక్రవారం పొద్దున ప్లేట్లు చేశారు, పదింటికి మిషన్ తిరిగింది. బుచ్చమ్మ పన్నెండింటికి సారక్కను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. సిరా వాసన పోని పుస్తకం సారక్క చేతిలో పెట్టారు. ఆమె వేలు అక్షరాల కింద నెమ్మదిగా కదిలింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పల్లవి మొత్తం చదివి, చివర తనకే ఆశ్చర్యం కలిగినట్టు తలెత్తింది. బుచ్చమ్మ గొంతు కలపలేదు. ఆమెను చదవనిచ్చింది.

జగపతి లోపలి గదిలో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. హన్మకొండవాళ్లు. అండాలు పిన్ను కొట్టడం ఆపి చెవి ఒగ్గింది.

"వద్దన్నా, ఇగ పంపుత లేను. ఇక్కడ్నే మనిషి దొరికింది."

అండాలు లేవలేదు. సంతోషం ఎవరికి చెప్పాలో తోచక ఎదురు దుకాణం వైపు చూసింది. విమల జిరాక్స్ తీస్తూనే ఏమైందన్నట్టు తల ఎగరేసింది. అండాలు తల ఊపింది. ఇంకా నలభై పుస్తకాలకు పిన్నులు కొట్టాలి, ఒంటిగంటకు పాలకుర్తి బస్సుంది.