గోడల మధ్య పాఠం చెప్పని సారు

జగన్మోహనరావు సారు నాలుగు గోడల మధ్య పాఠం చెప్పగా చూసిన పుణ్యాత్ముడు బాన్సువాడలో ఒక్కడూ లేడు. హాజరు పిలవడానికి మాత్రం క్లాసులోకి వచ్చేవాడు. చివరి పేరు నోట్లో ఉండగానే చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "నడువుండ్రి, బయట జూద్దం" అనేవాడు. డెబ్బై ఎనిమిదిలో మా బి.ఏ.కి చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి అన్నీ ఆయనే. కాబట్టి మేం డిగ్రీ చదివామనే కంటే ఊరేగామనడమే సబబు.

గిరాకీ పాఠం అంగడిలో, వంకాయల గంప ముందు జరిగింది. వంకాయలమ్మే పోసవ్వ కాసేపు ఓపిక పట్టింది. "ధర పెంచితే ఈమె దగ్గర ఎవ్వరూ కొనరు" అని సారు మాకు చెప్పగానే చెంగు బిగించి లేచింది.

"ఏందయ్యా, బోణీ గాకముందే గీ మాటలేంది? కొంటే కొను, లేకుంటే జరుగు!"

సారు హడలిపోయి సగం గంప కొనేశాడు. "చూసిండ్రా, గిరాకీ ఎట్ల పుడ్తదో!" అన్నాడు సంచీ మోసుకుంటూ. పెళ్ళీ పెటాకులూ లేని ఒంటిగాడు. అన్ని వంకాయలు ఏం చేసుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆస్తి హక్కు పాఠం బస్టాండులో. పిట్లం బస్సు రాగానే జనం కిటికీల్లోంచి సీట్ల మీద తువ్వాళ్ళు విసిరేస్తారు కదా. "తువ్వాల పడ్డంత మాత్రాన సీటు వాని సొత్తెట్లయితది?" అని అడుగుతూ సారు బస్సెక్కి, ఒక తువ్వాల తీసి మాకు చూపించాడు. తువ్వాల గలాయన వచ్చి తగువు పెట్టుకున్నాడు. ఆ గొడవలో బస్సు కదిలింది, సారుతో సహా. సాయంత్రానికి తిరిగొచ్చి, "మీకన్న పిట్లం వాళ్ళకే మంచిగ అర్థమైంది" అన్నాడు.

క్లాసంతా పగలబడి నవ్వేది, నేను తప్ప. నాది లంబాడీ తండా. పేరు లక్‌పతి. నేను నోరు తెరిస్తే చాలు, పండరి అనేవాడు నా తెలుగును వెక్కిరించేవాడు. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. అందుకని నోరు తెరవడమే మానేశాను. కిరాయి గదిలో ఒక్కణ్ణే వండుకోవడం, ఒక్కణ్ణే తినడం. ఆదివారం వచ్చిందంటే భయమేసేది. పలకరించే దిక్కులేక కుమిలిపోయేవాణ్ణి. చివరికి సారుతో చెప్పేశాను.

"సార్, నేనిగ రాను. చదువు బంద్ జేసి చెరుకు నరుకుడుకు పోత."

"ఏమైంది రా?"

"నాతోని మాట్లాడేటోడు ఒక్కడు లేడు సార్."

"నాతోని మాత్రం ఎవడున్నడు? నేను రోజూ వస్తలేనా?"

సారే మళ్ళీ అన్నాడు: "వచ్చే వారం ఒక్క పాఠం విని పో. ఆచార వ్యవహారాలు. మీ తండాలనే చెప్త."

దగ్గరి చుట్టం చాన్నాళ్ళకు కనబడితే మా ఆడవాళ్ళు మెడ మీద పడి, రాగం తీసి ఏడుస్తారు. మాకది ప్రేమ, మర్యాద. అది పండరి కంట బడితే ఇక నేను తలెత్తుకు తిరగలేను. వద్దని ఎంత మొత్తుకున్నా సారు వింటేగా!

బస్సు దిగి, కాలువ గట్టు వెంట నడిచి తండాకు చేరాం. నా కర్మకొద్దీ ఆ రోజే మా మేనత్త హేమ్లి వచ్చి ఉంది. నన్ను చూసిందో లేదో, చేతినిండా గాజులు గలగలమంటుంటే పరుగున వచ్చి వాటేసుకుని రాగం ఎత్తుకుంది. పండరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. భూమి చీలితే బాగుండుననిపించింది.

అంతలో వెనకనుంచి "అయ్యో!" అని పెడబొబ్బ. చూద్దును కదా, సారు చెప్పులు విడిచి, నేలమీద చతికిలబడి భోరుమంటున్నాడు.

"పోయినోళ్ళకు ఎంత వయసుంటది రా, లక్‌పతీ?"

"ఎవ్వరు పోలే సార్! మా అత్త నన్ను జూసి సంబురపడ్తుంది!"

"సంబురానికే గింత ఏడ్పా!"

పండరి నేలమీద పడి దొర్లాడు. అందరూ సారును చూసి కడుపులు పట్టుకున్నారు. మా అత్తను చూసి ఒక్కడూ నవ్వలేదు.

అత్తకు మాత్రం జాలేసింది. "నీకు అక్కచెల్లెండ్లు లేరా, సారూ?"

"లేరమ్మా. ఎవ్వరు లేరు."

"ఇగ నేనున్న గదా, అన్నా!" అని ఆయన భుజమ్మీద చెయ్యి వేసి అత్త మళ్ళీ మొదట్నుంచీ అందుకుంది. సారు కూడా.

తిరుగు దారిలో పండరి నా పక్కకు చేరాడు. "మా మేనత్త వస్తే ఏడువది రా. మా అమ్మతోని కొట్లాడ్తది" అన్నాడు. ఎన్నాళ్ళకో పైకి నవ్వాను. చదువు మానలేదు.

దీపావళికి ఇంటికి పోతే అమ్మ అసలు సంగతి బయటపెట్టింది. "మిమ్ముల తోల్కొని రాకముందే మీ సారు ఒక్కడే సైకిల్ మీద వచ్చిపోయిండు. మా ఏడ్పు జూస్తే పోరగాండ్లు నవ్వుతరని చెప్పిన. 'నవ్వితే నన్ను జూసి నవ్వుతరు, నువ్వు ఫికర్ జెయ్యకు' అన్నడు."

బాన్సువాడ చేరగానే నేరుగా సారు గదికి పోయాను.

"మీకంత ముందే ఎరుకట గద సార్! గా ఏడ్పంత దొంగేడ్పా?"

సారు నీళ్ళు నమిలాడు. "మొదట్ల దొంగేడ్పే రా. మీ అత్త 'అన్నా' అని పిల్చినంక ఆపుదామంటే ఆగలే."

అంతలోనే ఆయనే అడిగాడు:

"ఇంతకు, మా చెల్లె మళ్ళెప్పుడొస్తదట?"