మావయ్య వెంట తిరిగిన కుర్చీ

మావయ్య నిద్రలోనే పోయాడని అత్త ఫోను చేసింది. "గుండాగిపోయిందంటన్నారమ్మీ. ఆ రోగం కాదు" అంది. ఆ రెండో మాటే ముందు చెప్పాలనుకున్నట్టుంది.

ఆ రోగం ప్రొస్టేట్ క్యాన్సర్. మొదటిసారి విశాఖలో రేడియేషన్‌తో తగ్గింది. తర్వాత పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండమన్నారు. కానీ ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో రక్తపరీక్షంటే ఒక్కటే, కిడ్నీలది. తోటలో ఎదురుపడినా, టెక్కలి బస్సులో పక్కన కూర్చున్నా "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అనే అడుగుతారు. మావయ్యకు అది ఎప్పుడూ బాగానే వచ్చేది. "నా కిడ్నీలకేటి, ఉక్కుముక్కలు!" అని నలుగురికీ చెప్పుకునేవాడు. ఆ పీఎస్ఏ పరీక్ష ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి చేయిస్తే, జబ్బు అదే ప్రొస్టేట్ గ్రంథిలో మళ్లీ మొదలైందని తేలింది.

గ్రంథిని కోసి తీసేయొచ్చన్నాడు డాక్టరు. రేడియేషన్ పడ్డచోట లోపలంతా అతుక్కుపోయి ఉంటుందనీ, మూత్రం మీద పట్టు పోవచ్చనీ దాచకుండా చెప్పాడు. వద్దనుకుంటే ఇంజెక్షన్లతో నెట్టుకురావచ్చట.

"సదువుకున్నదానివి, నువ్వు సెప్పమ్మీ. ఏటి సేద్దాం?" అన్నాడు మావయ్య.

ఎంత చదివినా నాకు రెండు వైపులా సబబుగానే కనిపించింది. "తెలీటం లేదు మావయ్యా" అన్నాను.

ఆయన నవ్వేశాడు. "కోయించేద్దాం. తుపానుకి పోయిన తోటలో మళ్లీ జీడిమొక్కలేసేను, కాపు సూడాల. తడిత్తే ఆరబెట్టుకుంతాను."

ఆపరేషన్ తర్వాత పట్టు నిజంగానే పోయింది. ప్యాడ్లు పెట్టుకున్నా ఆగేది కాదు. ఊళ్లో ప్రతి ఇంటి మంచం మీదా కూర్చుని కబుర్లాడిన మనిషి కొన్నాళ్లు గడప దాటలేదు. తర్వాత ఒకరోజు నీలం ప్లాస్టిక్ కుర్చీ భుజాన వేసుకుని బయల్దేరాడు. తోటకీ, టీ కొట్టుకీ, పెళ్లిళ్లకీ అదే.

"ఏటి మావా, మా ఇంట్లో కుర్చీల్నేవా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "పదవిరా ఇది. సచ్చేదాకా దిగను" అనేవాడు.

సాయంత్రం ఇంటికి రాగానే అత్త దాన్ని కడిగి గోడకు వాల్చేది.

జీడి కాపుకొచ్చింది. చూశాడు. ఆపరేషన్ చేయించుకోకపోయినా చూసేవాడేమో, ఇంత తడి లేకుండానే చూసేవాడేమో. ఒకసారి ఆ మాటే అంటే, "సూసేను గదే, ఇంకేటి?" అని జీడిపండు చేతిలో పెట్టాడు.

ఆయన్ని సాగనంపి వచ్చాక అందరం చాపల మీద కూర్చున్నాం. అత్త మాత్రం లేచి, ఆ కుర్చీని నూతి దగ్గరికి తీసుకెళ్లింది. అది పొడిగానే ఉంది. అయినా రోజూలాగే కడిగి, గోడకు వాల్చింది. నీలం కాళ్ల వెంట నీళ్లు చాలాసేపు కారుతూనే ఉన్నాయి.