వానను లెక్కలో వేయని పెట్టె

ముందుగా ఒట్టు. నా ఎడమ బొటనవేలి మీద ఉలి దిగిన మచ్చ సాక్షిగా, ఆదివారాలన్నీ నన్ను చెడగొట్టిన చిత్రిక సాక్షిగా, ఇందులో ప్రతి మాటా నిజం. మా ఆవిడ తల మీద చెయ్యి పెట్టి కూడా ప్రమాణం చేసేవాణ్ణే. అడిగితే ఆమె తల ఇవ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను అనంతపురంలో కరెంటాఫీసు గుమాస్తాని. సోమవారం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా ఫైళ్ళు. ఆ తర్వాత స్కూటరెక్కి బుక్కరాయసముద్రం. అక్కడ నా స్నేహితుడొకడు ఉండేవాడు, సర్కారు బడిలో లెక్కల పంతులు. మేత కరువై వాళ్ళ నాయన గొర్రెలన్నిటినీ అమ్మేస్తే ఇంటి వెనక కొట్టం ఖాళీ పడింది. అదే మా కార్ఖానా. మూలల్లో గొర్రెల వాసన, మధ్యలో వేపచెక్క వాసన. ఎక్కడ కూర్చోవాలో గాలిని బట్టి తేల్చుకునేవాళ్ళం.

మేమేమీ వడ్రంగులం కాదు. మమ్మల్ని పని చేసిపెట్టమని ఎవరూ అడగలేదు, చేసిపెడతామంటే చాలామంది వద్దన్నారు కూడా. ఊరంతా ప్లాస్టిక్ కుర్చీలకు ఎగబడి పాత చెక్కసామాన్లు వీధిలో పడేస్తున్న కాలం అది. మేము ఆ పడేసినవన్నీ ఏరుకొచ్చేవాళ్ళం. శనివారం సాయంత్రమంతా సానరాయి మీద ఉలులు నూరడం, టీ తాగడం, రేపు ఏం చేయాలో వాదించుకోవడం. ఆదివారం పొద్దున్నుంచి కోత, చిత్రిక, మళ్ళీ టీ. చీకటి పడేటప్పటికి ఇద్దరి తలలూ రంపపు పొట్టుతో తెల్లబడి, ఇంటికి పోతే పిల్లలు 'తాతొచ్చినాడు' అనేవాళ్ళు.

మా తొలి సృష్టి మా ఇంటి టీవీ స్టాండు. ఒక పక్కకు కాస్త ఒరిగింది. వార్తలు చదివే ఆమె ఎప్పుడూ గుత్తి వైపు జారిపోతున్నట్టు కనిపించేది. మేమూ తలలు అటే వంచి చూడడం నేర్చుకున్నాం. కొన్నాళ్ళకు మా కుటుంబం ఫోటో తీయించుకుంటే ఫోటో స్టూడియో అతను అందరినీ తలలు సరిచేసుకోమని వేడుకున్నాడు.

ఆ అవమానంతో పంతులికి ఒక పిచ్చి పట్టింది. సందు లేకుండా అతకాలి. రెండు చెక్కలు కలిసే చోట బీడీకట్టకు చుట్టే పలచటి కాగితం కూడా దూరకూడదు. ఇద్దరిలో ఎవరికీ బీడీ అలవాటు లేకపోయినా కాగితం కోసమే కట్టలు కొనేవాళ్ళం. బీడీలు వీధిలో ముసలాళ్ళకు పంచేవాళ్ళం. మా కార్ఖానాకు ఆ ఊళ్ళో దక్కిన మంచి పేరు అదొక్కటే.

ఇట్లా ఉండగా ఒక ఎండాకాలం ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి మా మామ, అంటే మా ఆవిడ నాయన, కబురు పంపాడు. ఆయన చేలో వేపచెట్టు ఒకటి నిలువునా ఎండిపోయింది. వేపచెట్టే ఎండిందంటే ఆ యేడు ఎండ ఎట్లాంటిదో నేను వేరే చెప్పక్కరలేదు. చెట్టును కొట్టించి, కోయించి, పలకలను ట్రాక్టరు మీద మా కొట్టానికి పంపించి, తానూ వెనకే వచ్చాడు.

"అల్లుడా, ఇత్తనం బుడ్డలు పోసుకునేదానికి పెట్టె కావల్ల. మా ఇంట్లో ఎలకలు గోనెసంచి కొరకడం మానేసినాయి, మూతి విప్పి తింటాండాయి."

మా వైపు వేరుశనగను బుడ్డలంటాం. విత్తనం బుడ్డలను వాన పడే ముందు ఒలిపించి, పప్పును సిద్ధంగా ఉంచుకోవాలి. వాన పడ్డాక నేల పదును రెండు మూడు రోజులకు మించి ఆగదు. ఆ పదునులో విత్తనం పడితే పడినట్టు. పడకపోతే మళ్ళీ ఎప్పుడు వానో మేఘాలకే తెలియదు.

"ఎలక కాదు మామా, చీమ గూడా దూరదు," అన్నాడు పంతులు, బీడీ కాగితం గాలిలో ఊపుతూ.

ఎండాకాలపు ఆదివారాలన్నీ ఆ పెట్టెకే పోశాం. చిన్నప్పుడు బలపాలు పెట్టుకునే చెక్కపెట్టె గుర్తుందా? మూత పక్కల గాడిలో జారుతుంది కదా, అదే పద్ధతి. కాకపోతే మాది దూడంత ఉండేది. మూత అంచుకు లాగడానికి ఇనుప కడియం బిగించాం. మూతను గాడిలో తోసి కాగితం పెట్టి చూశాం. నాలుగు వైపులా ఎక్కడా దూరలేదు. పంతులి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ యేడు మా మండలంలో కనిపించిన తడి అంతవరకూ అదే.

అదే మా తప్పు. మే నెల ఎండలో ఎండి పేలపిండి అయిన చెక్కకు సందు లేకుండా కొలత పెట్టాం. చెక్క నీళ్ళు తాగితే ఉబ్బుతుందని మాకు తెలియదా? తెలుసు. మా లెక్కలో లేనిది నీళ్ళు.

పెట్టె పల్లెకు చేరింది. మా అత్త దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒలిచిన విత్తనమంతా అందులో పోసి, దండం పెట్టి మూత తోసింది. ఇంటి పంచలో గోడవారగా పెట్టారు.

వాన ఒక శనివారం సాయంత్రం వచ్చింది. పిల్లలకు సెలవని మా ఆవిడా నేనూ అక్కడే ఉన్నాం. పెట్టెను నలుగురూ మెచ్చుకుంటే వినాలని పంతులూ మాతో వచ్చాడు. ముందు దుమ్ము లేచింది, తర్వాత మట్టివాసన, ఆ తర్వాత ఆకాశానికి చిల్లి పడ్డట్టు కురిసింది. మామ పంచె ఎగ్గట్టి వాకిట్లో నిలబడి తడిశాడు. నాకు పెళ్ళైనప్పటి నుంచి ఆయన పళ్ళన్నీ ఒక్కసారి చూసింది ఆ రోజే. మట్టి మిద్దె కురవడం మొదలుపెట్టింది. వానే రాని ఊళ్ళో నీళ్ళు దిగకుండా మిద్దె మీద చవుడు మట్టి పోయించాలని ఎవరికి గుర్తుంటుంది? ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కారే చోట్ల పెట్టాం. పెట్టె మీద మాత్రం ఎవరూ ఏమీ పెట్టలేదు. చీమ కూడా దూరని పెట్టె కదా!

తెల్లవారేసరికి వాన తెరిపిచ్చింది. పొరుగు రైతు విత్తనం వేసే గొర్రు కట్టుకొని ఎద్దులతో వాకిట్లోకి వచ్చేశాడు. ఎద్దులు, గొర్రు ఆయనవి. ఆ వీధి చేలన్నీ వంతుల ప్రకారం ఆయనే విత్తాలి. తొలి వంతు మాది.

మామ పెట్టె కడియం పట్టి లాగాడు. రాలేదు. నేను లాగాను. పంతులు లాగాడు. ముగ్గురం కలిసి లాగితే పెట్టె మా మీదికొచ్చింది, మూత మాత్రం కదల్లేదు. రాత్రంతా నీళ్ళు తాగి తాగి గాడిలో గట్టిగా బిగుసుకుపోయింది.

"అల్లుడా," అన్నాడు మామ మెల్లగా, "ఇది పెట్టె చేసినావా, సమాధి కట్టినావా?"

గొర్రు రైతు బీడీ ముట్టించాడు. "ఏమన్నా, ఇత్తనం ఇస్తావా, పక్క చేనికి పోదునా? నీ వంతు పోతే మల్ల ఎల్లుండే. ఎండ జూస్తే అప్పటికి నీ చేను పెనం మాదిరి కాల్తాది."

మామ లోపలికిపోయి గొడ్డలి తెచ్చాడు. మా అత్త పెట్టెకు అడ్డంగా నిలబడింది.

"ఇత్తనం మీద గొడ్డలెత్తుతావా? పసుపూ కుంకుమా పెట్టినాను దానికి! ఆ గొడ్డలి పడితే లోపల పప్పంతా నుగ్గైపోదా? నుగ్గు మొలుస్తాదా?"

"మొలవకుంటే మొలవకపోనీ, పెట్టెలో ఉండి గూడా మొలవదు కదా!"

"ఎద్దులు ఈడనే ఉండాయి, రవంత గమ్మునుండు!"

మా ఆవిడ ఇదంతా గడపలో నిలబడి చూస్తోంది. నా వైపు తిరిగి, "ఇంగేం, ఇస్త్రీ చేసి పెట్టండప్పా దానికి. మడతలు పోయి పెళ్ళికి పోతాది," అంది.

అందరూ నవ్వారు. పంతులు నవ్వలేదు. అతని ముఖంలో ఒక వెలుగు కనిపించింది.

"వదినా, ఇస్త్రీ పెట్టె యాడుండాది?"

అత్త ఇంట్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఉండేది, ఇత్తడిది, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. పొయ్యిలోంచి నిప్పులు పోసి, పాత పంచె పరిచి, పెట్టె మూత అంచుల వెంబడి పంతులు ఇస్త్రీ మొదలుపెట్టాడు. వేపచెక్క నుంచి ఆవిరి లేచింది. వేప కషాయం కాచినట్టు చేదు వాసన. వీధి జనమంతా చేరారు.

"ఏందన్నా, పెట్టెకు జ్వరమా?" అని ఒకడు.

"కాదప్పా, కలెక్టరు వస్తాడంట. నలగ్గుండా ఉండల్లని," అని ఇంకొకడు.

చాలాసేపు ఇస్త్రీ అయ్యాక మూత వెంట్రుకంత కదిలింది. మళ్ళీ ఆగిపోయింది. గొర్రు రైతుకు ఓపిక చచ్చింది. "దూరం జరగండి," అని గొర్రు విప్పి, మోకు ఒక కొస కాడికీ రెండో కొస ఇనుప కడియానికీ కట్టాడు. "ఇద్దరు దాని మీద కూచోండి. పెట్టె నిలిస్తే మూత వస్తాది."

నేనూ పంతులూ పెట్టెక్కి కూర్చున్నాం. ఆయన ఎద్దులను అదిలించాడు. మూత రాలేదు. పెట్టే వచ్చింది, మాతో సహా.

పంచ దాటి, వాకిలి దాటి, బురద వీధిలో పడవలాగా జారుతూ పోయాం. ఎద్దులకు విత్తనం వాసన తెలుసు, చేని దారీ తెలుసు, ఇంకెవరి మాటా వాటికి అక్కరలేదు. ముందు గొర్రు రైతు ముక్కుతాళ్ళు పట్టుకొని పరుగు, వెనక గొడ్డలితో మామ, ఆయన వెనక ఇస్త్రీ పెట్టెతో అత్త, ఆ వెనక ఊరి పిల్లలు. గడపల్లో ఆడవాళ్ళు మాకు దిష్టి తీశారు. మా పెళ్ళికి కూడా నన్ను అంత ఘనంగా ఊరేగించలేదు.

ఊరు దాటాక పంతులు నా చెవిలో అరిచాడు. "అన్నా! మనం కూచున్నది దేని మీద?"

"పెట్టె మీద!"

"మూత మీదన్నా! మనమే కదా మూతను అణిచిపెట్టింది!"

ఇద్దరం చెరో పక్కకు దూకాం. బురదలో పడి తలెత్తి చూసేసరికి బరువు తగ్గిన పెట్టె ఎగురుకుంటూ పోయి చేని గట్టు మీద రాతిగుండుకు తగిలి టక్కున ఆగింది. మూత మాత్రం ఆగలేదు. సీసా బిరడాలాగా చప్పుడు చేసుకుంటూ ఊడి, ఎద్దుల వెంట చేని ఆ కొస దాకా పోయింది. తడి నేల మీద అది గీసిన గీత అంత తిన్నగా పంతులు బోర్డు మీద కూడా ఎన్నడూ గీయలేదు. గొర్రు రైతు వాకిట్లో వదిలిన గొర్రును తెప్పించి, ఆ గీత వెంబడే తొలి సాలు పట్టాడు.

మామ వంగి పెట్టెలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు పప్పు తీసి, చెంపకు ఆనించి చూసుకున్నాడు.

"ఒక్క చుక్క దూరలేదు," అన్నాడు. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. "దూరేదానికి నువ్వు సందిస్తే కదా!"

సాయంత్రానికి విత్తనమంతా నేలలో పడింది. ఆ యేడు పంట గురించి ఏం చెప్పను! ఒక్కో చెట్టు పెరకడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఇంట్లో మంచాల కింద బుడ్డలు, అటక మీద బుడ్డలు, దేవుడి గూట్లో బుడ్డలు. ఎలుకలు తిని తిని ఒళ్ళు చేసి, మా అత్త గదుముతుంటే తప్పుకోవడానికి బదులు పక్కకు దొర్లేవి.

ఇక ఒట్టు సంగతి తేల్చాలి. ఇందులో ఒక ముక్క నేను కల్పించాను. పెట్టెకు ఇస్త్రీ చేయడం అని మీరనుకుంటున్నారు. అది నిజం, ఇప్పటికీ ఆ పెట్టె అంచుల్లో నల్లటి కాలిన మచ్చలున్నాయి. పెట్టె మీద ఊరేగింపూ నిజం. ఆ పల్లెలో నన్ను పెట్టె అల్లుడనే పిలుస్తారు. మూత గీసిన గీతా నిజమే. ఎలుకల ఒళ్ళు సంగతి పంటతో పాటే పోతుంది. ఎందుకంటే కల్పించింది పంట ఒక్కటే.

ఆ వాన తర్వాత దసరా దాకా చెప్పుకోదగ్గ చినుకు లేదు. మేఘాలు రోజూ వచ్చి, గడపలోంచే పలకరించి, బళ్ళారి వైపు వెళ్ళిపోయేవి. చివరికి పెరికితే చేతికొచ్చింది చాలావరకు కాయల్లేని కట్టె. గొడ్లకు మేతయింది. కాయలన్నీ ఏరి ఎండబెడితే పెట్టెలో సగానికి కూడా రాలేదు.

కాయలు పెట్టెకెత్తిన ఆదివారం నేనూ పంతులూ అక్కడే ఉన్నాం, వంట గది తలుపు సరిచేద్దామని వెళ్ళి. మామ కాయలను పెట్టెలో పోశాడు. అత్త మళ్ళీ పసుపు కుంకుమా పెట్టింది. మామ ఒక్క వేలితో తోస్తే మూత సర్రున జారిపోయింది. తీసి మళ్ళీ తోశాడు. మళ్ళీ సర్రుమంది. తృప్తిగా తల ఊపి, మూతను పూర్తిగా బయటికి లాగి నా చేతుల్లో పెట్టాడు.

"తీస్కపో అల్లుడా. రవంత వదులు చెయ్యి."

"బాగానే జారుతాంది కదా మామా?"

"ఇప్పుడు జారుతాది లే. వచ్చే యేడు వాన గట్టిగా కొడితే మల్ల పట్టుకుంటాది. మన బాధ సరే, ఆ ఎద్దులకు యాల ఈ తిప్పలు?"

పంతులు జేబులోంచి టేపు తీశాడు. "ఎంత సందు ఇడిచిపెట్టమంటావు మామా?"

మామ బయట వాకిట్లోకి పోయి ఆకాశం వైపు చూశాడు. ఒక్క మబ్బు తునక లేదు. తిరిగొచ్చి బొటనవేలూ చూపుడువేలూ చాచి సందు చూపించాడు. అందులోంచి ఎలుక ఆలుబిడ్డలతో సహా దూరి పోవచ్చు.

మా పంతులు నవ్వకుండా ఆ వేళ్ళ మధ్య టేపు పట్టి కొలిచాడు.