మూడో ప్రైజు బూట్లు

రెండు వేల ఎనిమిది ప్రాంతంలో నేను మారథాన్ కోసం రోజూ పరిగెత్తేవాడిని. పరుగు గురించి నాకు తెలిసిందంతా మా ఊరి గ్రంథాలయంలో చదివిందే. సారపాక నుంచి ఖమ్మం వెళ్లే బస్సులో పక్క సీటాయన కూడా మారథాన్‌కే తయారవుతున్నాడని తెలిసి, ఊపిరి ఎలా తీసుకోవాలో ఉత్సాహంగా చెప్పసాగాను.

ఆయన నవ్వి, కాలెత్తి ముందు సీటు కడ్డీ మీద పెట్టాడు. కొత్త బూట్లు.

“మొన్న అడివి రోడ్డు మీద పెట్టిన పందెంల మూడో ప్రైజు తమ్మీ. మలుపు కాడ మా బామ్మర్ది బండి పెట్టుకొని ఉన్నడు. నాలుగు కిలోమీటర్లు ఎక్కి పోయిన.”

“మరి మీ వెనక వచ్చినాయన?”

“వెదురు కొట్టే కూలాయన. బూట్ల కోసమే వచ్చిండంట. ఉత్త కాళ్లతో అంత మంచిగ ఉరికేటోనికి బూట్లెందుకు, చెప్పు?”

ఆ కొత్త రబ్బరు వాసన నాకు రోతగా తోచింది. వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా నేను లేవలేదు. ఆయన మాటకు నవ్వాను కూడా. పాల్వంచలో ఆయన దిగుతూ చేయి చాస్తే కలిపాను.

బస్సు అక్కడ ఆగి ఉండగా నేనూ దిగి, బస్టాండు కుళాయి దగ్గర ఆ చేయి చాలాసేపు కడుక్కున్నాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ నాకు తెలియదు.