శుక్రవారం ఎగిరిన నాడె

పొద్దుగాల దుకాణం షట్టర్ ఎత్తుతుంటె సలీం ఫోన్ వచ్చింది. వాడు అంజూర్ ఫాటాల గోదాం నడిపిస్తడు. వాని ఫోన్ల ఎప్పుడూ లారీల మోత వినపడ్తది, ఆ దినం ఏం వినపడలే. "సర్ నహీ రహే," అన్నడు, సారు పోయిండని. సగం ఎత్తిన షట్టర్ చేతిల నుంచి జారి దభేల్మని నేలకు తగిలింది. పక్క చాయ్ దుకాణపాయన ఉరికొచ్చి "ఏమైంది రా, ఎవల్ని కొట్టినవ్?" అని అడిగిండు. నాకున్న పేరు గసొంటిది మరి.

మా సార్ ఎవలో మీకు చెప్పాలె. భివండిల మా కాలేజీకి ఇంగ్లీషు సారు. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినోడు. మంచోడేగాని ఆయన చెయ్యి మంచిది గాదు. చెంప మీద ఇస్తె చెవుల బట్ట నేసే సాంచ నడిచినట్టు గుయ్యిమనేది. కొట్టినంక ఆయనే తన బాటిల్ నీళ్లు తాగిపిచ్చేటోడు. "కొట్టెటోడు కూడ లేకపోతె నీ గతేంది రా?" అనేటోడు. నాకైతె కొట్టెటోల్లకు తక్కువ లేకుండె. ఇంట్ల మా నాయిన సాంచ తోలుపట్టతోని కొట్టేది. బస్తీల నేను దొరికినోన్నల్ల కొట్టేది. పన్నెండో తరగతి రెండుసార్లు తప్పిన. మూడోసారి తప్పితె చదువు బంద్, సాంచల మీద నిలబడాలని నాయిన ఒట్టు పెట్టుకున్నడు.

నా అసొంటోల్లు ఊరినిండ ఉండిరి. తెలివి లేక గాదు. పొద్దుగాల కండెలు చుట్టి, మధ్యాన్నం బడికి పోయి, ఏడో తరగతి దాక తెలుగుల చదివి, ఆ మీద మరాఠీల పడితె ఏం ఎక్కుతది? ఉర్దూ కాలేజీల ఇదే కత, మరాఠీ కాలేజీల ఇదే కత. మాది కలిపి మూడు కాలేజీలు మొకాలు మొకాలు చూసుకునేటియి గాదు. మా సారు స్కూటర్ మీద ఏడాది పొడుగూత ఆ రెండు కాలేజీల చుట్టు తిరిగిండు. అక్కడ లెక్కల మాస్టర్ను, ఇక్కడ ఎకనామిక్స్ మాస్టర్ను పట్టిండు. "తెగిన పోగును పారేస్తమా? దొరికిన పోగుతోని అతుకుతం," అన్నడట. మాస్టర్లయితె ఒప్పుకున్నరు. ప్రిన్సిపాళ్లే క్లాసుకు ఒక్క గది ఇయ్యలే. పక్క కాలేజీ ఫెయిల్ పోరగాండ్లొస్తె బెంచీలు ఇరుగుతయట! ఆఖరికి నాగావ్‌ల మన తెలుగు సేటు ఒకాయన తన కార్ఖానా ఇచ్చిండు. శుక్రవారం సాంచలకు సుట్టి. నమాజ్ అయినంక మూడు గంటలకు క్లాసు. సాంచల నడుమ గోనె తట్లు పరుచుకొని కూసునేది.

మొదటి నెల అది క్లాసు గాదు, కుస్తీల అఖాడ. ఊర్ల పాత గొడవల మంట అందరి కడుపుల ఇంకా ఉండె. బూతులు, గల్లాలు, ఒకని పన్ను ఊడింది, ఒకని అంగి పీలికలైంది. సారు అందర్ని కొట్టిండు, కాలేజీ చూడకుంట కొట్టిండు. ఒక్కటే కానూన్ పెట్టిండు. ఒక తట్టు మీద మూడు కాలేజీలోల్లు కూసోవాలె, పాఠం వచ్చినోడు రానోనికి చెప్పాలె. నాకు లెక్కలు చెప్పనీకి సలీం దొరికిండు. వాడు ఉర్దూ కాలేజీ, అంకెలల్ల పులి. వాని మొకం చూస్తెనే నాకు ఒళ్లు మండేది.

పరీక్షలకు నెల ఉండంగ ఒక శుక్రవారం. ఆ పొద్దుగాలే నాయిన పట్టతోని వీపు చీరిండు. అంగి తడితడిగ అంటుకుపోయింది. సలీం ఒక లెక్క మూడుసార్లు చెప్పిండు. నాలుగోసారి, ఇంత కూడ రాదా అని నవ్విండు. "ఇతనా భీ నహీ ఆతా?" అంతే, నాకు కండ్లు కనపడలే. పక్క సాంచల ఉన్న నాడె గుంజిన. మీరు చూసిన్రో లేదో, నాడె అంటె సాంచల పోగు పట్టుకొని అటిటు ఉరికే కట్టె, రెండు కొసలకు ఇనుప మొనలుంటయి. వాని మొకానికి గురిచూసి ఇసిరిన. చంపాలనే ఇసిరిన, ఇప్పుడు అబద్ధమెందుకు?

సలీం వంగిండు. నడుమకొచ్చిన సారు వంగలే.

సాంచ మీదున్న తెల్లబట్ట మీద నెత్తురు చిమ్మింది. సారు కన్ను అదిమి పట్టుకొని సాంచకు ఆనుకొని కూలవడ్డడు. ఆయన నోట్లె నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవ్వడు ఉరకొద్దు. కూసోండ్రి." ముప్పైమందిమి కూసున్నం. నేను కూడ.

దవాఖానకు హవల్దార్ వచ్చిండు. మేమందరం ఆడనే ఉన్నం, సేటు కూడ. నా పేరు చెప్తె నాకు జైలు, క్లాసుకు తాళం. ప్రిన్సిపాళ్లు గా తాళం కోసమే చూస్తుండిరి. సారు కట్టు కిందికెల్లి, "సాంచ నడుస్తుంటె నాడె ఎగిరి తగిలింది," అన్నడు. సాంచల ఊర్ల నాడె ఎగురుడు కొత్త గాదు. హవల్దార్ రాయవోయి ఆగిండు.

"మాస్టర్, ఆజ్ శుక్రవార్ హై. శుక్రవారం సాంచ ఎట్ల నడిచింది?"

అయ్యో సారూ! ఇన్నేండ్లు భివండిల ఉండి, వారం వారం బంద్ సాంచల నడుమ పాఠం చెప్పి, అబద్ధమాడెటప్పుడు గదే మర్సిపోయిండు! గప్పుడు నా పక్కకెల్లి సలీం ముందుకొచ్చిండు. "మైనే చాలూ కియా సాబ్. ఎట్ల నడుస్తదో చూద్దామని నేనే బటన్ ఒత్తిన," అన్నడు. మరాఠీ కాలేజీ పోరడు "హో, నేను చూసిన," అన్నడు. ఇగ ఒకని ఎనుక ఒకడు అందరు తలూపిన్రు. సేటు కూడ "కరెంటు నేనే బంద్ చెయ్యలే, తప్పు నాది," అన్నడు. హవల్దార్ మమ్ముల ఒక్కొక్కన్ని చూసి, తిట్టుకుంట, సారు చెప్పినట్టే రాసుకున్నడు.

సారు ఆ మాట బతికినన్ని దినాలు చెప్పుకొని నవ్విండు: "ముప్పైమంది ఒక్కటే జవాబు రాసిన్రు, కాపీ కొట్టకుంట!"

రెండు వారాలకు కట్టుతోనే క్లాసుకొచ్చిండు. అందరి ముందట నన్ను లేపి చెంప మీద ఒక్కటిచ్చిండు. "ఇది నాడెకు." ఇంకొకటిచ్చిండు. "ఇది లెక్క రానందుకు. పో, సలీం పక్కకు కూసో. నీ ఇంగ్లీషుకు నాకు ఒక్క కన్ను సాలు." ఆ ఏడు నేను పాసైన. ఇప్పుడు నాకు సాంచల సామాన్ల దుకాణముంది. నాడెలు కూడ అమ్ముత. ప్రతి నాడె మొన వేలితోని తాకి చూసి ఇస్త. గిరాకీలకు అది నా పిచ్చి.

దెబ్బకు ఆ కన్ను పోయింది. రెప్ప కూడ చెడి, పూర్తి మూతపడకుండె. పన్నెండేండ్లు వారం వారం ఆయన ఇంటికి పోయిన. తప్పైంది సార్ అనేది ఒక్కటే మాట నా నోటికి రాలే. నేను తల వంచుకుంటె, "ఎందుకు రా భయం? ఇది పడుకున్నంక కూడ నీ మీదనే ఉంటది," అని ఆ రెప్పను చూపెట్టి ఎక్కిరిచ్చేటోడు.

సలీం ఫోన్ చేసిన ఆ దినం నేను సారు ఇంటికి పోయేటాల్లకు సారును చాప మీద పండవెట్టిన్రు. సలీం తలకాడ నిలబడి ఉన్నడు. సారు బిడ్డ ఆ రెప్పను పదేపదే కిందికి అదుముతుంది. అది మల్ల మల్ల లేస్తుంది. "అన్నా, మూతపడ్తలేదే," అని నా దిక్కు చూసి ఏడ్చింది.

నేను కూసున్న. బొటనవేలు ఆ రెప్ప మీద పెట్టిన. "సారూ, తప్పైంది," అన్న. పాడె లేపేదాక వేలు తియ్యలే. తీసినంక చూస్తె, సన్నని తెల్లగీత అట్లనే ఉంది, నా దిక్కు.